కాంటా ఎక్కిన కుటుంబం

(హనుమకొండలో ఒక సంఘపు స్త్రీల సమాజం వార్షిక కూడికలో ఒక మిషనరీ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షురాలు అమ్మగారికి, వేదిక మీద ఉన్న అయ్యగార్లకు, కాజీపేట, వరంగల్ కోట మొదలుకొని నర్సంపేట, పరకాల, ములుగు దాకా ఉన్న సంఘాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళందరికీ వందనాలు. నిరుడు మా కుటుంబం అమెరికా వెళ్ళి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. వచ్చిన నాటి నుంచి నేను ఏ కూడికకు పోయినా, "అక్కడ చిన్న గాలిమోటరు ఎక్కినారట కదమ్మా, ఆ ముచ్చట చెప్పండి" అని అడుగుతున్నారు. ఈ రోజు నాకు ఇచ్చిన అంశం కూడా అదే కాబట్టి ఆ చిన్న విమానం ఎక్కిన ఒక్క శనివారం గురించి మాత్రమే మాట్లాడతాను. అక్కడి భవనాల గురించీ, బజార్ల గురించీ వినాలని వచ్చినవారు నన్ను క్షమించాలి.

మమ్మల్ని ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. చదువు రీత్యా నేను నర్సును. మా వారు, నేను, ఇద్దరు పిల్లలు ఏటూరునాగారం అడవి అంచున, కోయ గూడేల నడుమ ఉంటున్నాం. మేమిద్దరం అక్కడికి వెళ్ళి పదిహేడేళ్ళయింది. మా వారు పిల్లలకు చదువు చెబుతారు, ఆదివారం వాక్యం చెబుతారు. నేను గర్భిణులనూ, బాలింతలనూ, జ్వరాలనూ, పాముకాట్లనూ చూసి, నా చేతిలో లేనివాటిని ఆసుపత్రికి పంపుతాను. మిషనరీ అంటే సముద్రం దాటి వచ్చిన తెల్లదొర అని ఇప్పటికీ అనుకునేవారు మనలోనే ఉన్నారు గానీ, మన ఉమ్మడి వరంగల్ జిల్లా విషయంలో అది సగమే నిజం. 1903లో తిరునెల్వేలిలో మన దేశస్థులే తమ కానుకలతో స్థాపించుకున్న మిషనరీ సంఘం తన మొదటి సేవా ప్రాంతంగా ఎంచుకున్నది మన డోర్నకల్‌నే. 1912లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి పీఠం ఉన్నదీ అక్కడే. డోర్నకల్‌కు రైలు ఉండేది కానీ, స్టేషను దాటితే ఆయనకు ఎడ్లబండే దిక్కు. ఆ ఎడ్లబండి పోగలిగినంత దూరమే ఆయన పరిచర్య పోగలిగింది. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మా పని కోసం ఏళ్ళుగా ప్రార్థిస్తున్న ఒక సంఘం పిలుపు మీద ఆరు వారాలు నార్త్ కరోలినాలో ఉన్నాం. మాకు ఇల్లిచ్చిన కుటుంబం ఒక శనివారం ఉదయం మమ్మల్ని నలుగురినీ కారులో ఎక్కించుకుని, మిషనరీ విమానాల కేంద్రం ఒకదానికి తీసుకుపోయింది. పైలట్లకూ మెకానిక్‌లకూ శిక్షణ ఇచ్చే ఆ ఆవరణలోకి ఆ రోజు ఊరందరినీ రానిచ్చి, విమానాలు చూపించి, పది పదిహేను నిమిషాలు గాలిలో తిప్పి తెస్తారు. మా సంతలాగే సందడిగా ఉంది. పిల్లలకు ఆటలు, ఒక పక్క రొట్టెలూ మాంసమూ కాల్చే పొయ్యిలు, ఒక పక్క పాటలు, పచ్చిక మీద వరసగా నిలబెట్టిన విమానాలు. మేము వెంట తీసుకుపోయిన పులిహోర డబ్బా మధ్యాహ్నానికి మాకంటే ఎక్కువగా అక్కడివారికే నచ్చింది.

మా పెద్దలు విమానాన్ని గాలిమోటరు అనేవారు. మా తాతది మామునూరు దగ్గరి పల్లె. నిజాం కాలంలో, 1930లో, అక్కడ విమానాశ్రయం వచ్చినప్పుడు తన తండ్రి బర్రెలు కాస్తూ మొదటిసారి గాలిమోటరును చూసి, బర్రెలను వదిలి పరుగెత్తాడని తాత చెప్పేవాడు. 1981 తర్వాత మామునూరుకు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 2025లో కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది కాబట్టి మా మనవలు అయినా అక్కడ ఎక్కుతారేమో. నేను మాత్రం మామునూరు గేటు ముందు నుంచి వెయ్యిసార్లు బస్సులో పోయి, చివరకు గాలిమోటరును చేత్తో తాకింది మాత్రం భూగోళానికి అవతలి వైపున.

మిషన్ విమానాల పని రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో మొదలైంది. యుద్ధంలో విమానాలు నడిపిన కొందరు క్రైస్తవ యువకులు 1945లో అమెరికాలో ఒక సంఘంగా కూడారు. అదే నేటి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్. వారి మొదటి ప్రయాణానికి విమానం నడిపింది స్త్రీ అని చెబితే మన సమాజంలోని అక్కలు సంతోషిస్తారు. ఆమె పేరు బెట్టీ గ్రీన్. యుద్ధకాలంలో సైన్యం కోసం విమానాలు నడిపిన స్త్రీల దళంలో ఆమె పనిచేశారు. 1946 ఫిబ్రవరిలో, పైనా కిందా రెండు వరసల రెక్కలున్న వాకో విమానంలో బైబిలు అనువాదకులను కూర్చోబెట్టుకుని మెక్సికోకు చేర్చారు. ఆ ఏడాదే పెరూ దేశంలో ఆండీస్ పర్వతాల మీదుగా విమానం నడిపిన మొదటి మహిళా పైలట్ అయ్యారు. ఇంగ్లండు వైపు నుంచి 1948లో జాక్ హెమ్మింగ్స్, స్టూవర్ట్ కింగ్ అనే ఇద్దరు ఒక బుల్లి విమానంలో మధ్య ఆఫ్రికా అంతా తిరిగి, ఎక్కడెక్కడ విమానం అవసరమో చూడబోయారు. బురుండీ కొండల్లో అది కూలింది, ఇద్దరూ నడుచుకుంటూ బయటపడ్డారు. ఈ హెమ్మింగ్స్ గారు యుద్ధంలో మన కలకత్తాలో పనిచేసినవారు. 2024లో, 102 ఏళ్ళ వయసులో, ఆ యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ విమానం ఒకదాని పగ్గాలు పట్టుకున్నారు.

వీటన్నిటికంటే నా మనసులో నిలిచింది కామెరాన్ టౌన్సెండ్ గారి సంగతి. ఆయన బైబిలు అనువాద సంస్థను స్థాపించినవారు. 1947లో మెక్సికో దక్షిణపు అడవిలో ఆయన, భార్య, చంటిపాప ఎక్కిన చిన్న విమానం నేల విడిచిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. ఆయన కాలు విరిగింది, భార్యకు గాయాలయ్యాయి, పాప క్షేమంగా ఉంది. పరుగెత్తుకొచ్చినవారితో ఆయన, మమ్మల్ని కదిలించక ముందే ఫొటోలు తీయండి, అడవిలో పనిచేసేవారికి భద్రమైన విమానాలు ఎంత అవసరమో జనం చూడాలి అన్నారట. మరుసటి ఏడాది, 1948లో, జార్స్ అనే విమాన సంస్థ పుట్టింది. మగవాళ్ళు ఈ కథను ఆయన ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం గుర్తుకొచ్చేది ఆ తల్లి. విరిగిన విమానం పక్కన చంటిదాన్ని పట్టుకుని, ఫొటో తీసేదాకా ఆగమని భర్త అంటుంటే విన్న ఆ తల్లి ఏమన్నదో ఎవరూ రాయలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. విమానం ఎక్కే వరసలో నిలబడ్డాం. వరస చివర నిచ్చెన ఉంటుందనుకుంటే, బల్ల పక్కన ఒక కాంటా ఉంది. మన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలను ఎక్కించే కాంటా లాంటిదే, కాస్త నాజూకుగా ఉంది. ముందున్నవారు ఒక్కొక్కరే చేతిసంచితో సహా దాని మీదకు ఎక్కుతున్నారు, ఒక పెద్దాయన అంకె చూసి కాగితం మీద రాసుకుంటున్నారు. ఎనిమిదేళ్ళ మా పాప నా కొంగు పట్టుకుని, "అమ్మా, మనల్ని అమ్ముతారా?" అని గట్టిగా అడిగింది. దానికి తెలిసిన కాంటా అదొక్కటే. నాకు నవ్వు రాలేదు, సిగ్గు వచ్చింది. పదిహేడేళ్ళుగా నేను పుట్టిన బిడ్డలను ఉయ్యాల కాంటాలో వేసి, రెండున్నర కిలోలకు తక్కువ ఉంటే తల్లిని కూర్చోబెట్టి చెబుతున్నదాన్ని; ఇంతమంది ముందు నన్ను ఎవరైనా తూస్తారని ఎన్నడూ అనుకోలేదు. మా వారు నా చెవిలో మెల్లగా, "టెకేల్" అన్నారు. దానియేలు గ్రంథంలో గోడ మీద రాయబడిన మాట అది: ఆయన నిన్ను త్రాసులో తూచగా నీవు తక్కువగా కనబడితివి. నేను ఎక్కి దిగాక, "తక్కువగా ఏమీ కనబడలేదు లెండి, ఎక్కువగానే కనబడ్డాను" అన్నాను.

మేము నలుగురం కలిసి 187 కిలోలు. ఆ పెద్దాయన ముప్పై ఏళ్ళు పాపువా న్యూ గినీలో విమానం నడిపినవారు. మా వారు లెక్కల మాస్టారు కాబట్టి, ఆ కాగితం ఏమిటని అడిగి వదలలేదు. ఆయన చెప్పిన లెక్క నేను ఇంటికి వచ్చి పుస్తకంలో రాసుకున్నాను. మేము ఎక్కబోయే సెస్నా 206 అనే విమానానికి ఆరు సీట్లు, ఒకే ఇంజను. అది అన్నీ కలుపుకొని 1,633 కిలోలకు మించకుండా ఉంటేనే నేల విడవాలి. ఖాళీ విమానమే ఇంచుమించు 1,050 కిలోలు తూగుతుంది. పైలట్ 80 కిలోలు అనుకుందాం. పోయి రావడానికీ, దారిలో మబ్బు పట్టి వేరే చోట దిగవలసి వస్తే సరిపోవడానికీ 150 లీటర్ల పెట్రోలు పోస్తే, లీటరు ముప్పావు కిలో కంటే కొంచెం తక్కువ బరువు చొప్పున అది మరో 108 కిలోలు. ఇక మనుషులకూ, మందులకూ, బియ్యానికీ, ఇంటి రేకులకూ కలిపి మిగిలింది 400 కిలోలలోపే. అదీ మంచి రన్‌వే మీద. దిగవలసిన చోటు కొండ మీది నాలుగైదు వందల మీటర్ల పచ్చిక అయితే ఇంకా తగ్గించాలి. ఎండ ముదిరితే మరీ తగ్గించాలి, ఎందుకంటే వేడి గాలి పలచబడుతుంది. పలచని గాలి రెక్కలను ఎత్తలేదు, ముందరి పంకాకు పట్టు దొరకదు, ఇంజను కూడా ఊపిరి ఆడక బలం తగ్గుతుంది. మన రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో మనిషి ఎలా ఉంటాడో విమానమూ అలాగే ఉంటుందని మా వారు అంటే, సరిగ్గా అదే అన్నారు ఆయన. అందుకే మిషన్ పైలట్లు తెల్లవారుతూనే బయలుదేరి, కొండల మీద మబ్బులు కమ్మే మధ్యాహ్నానికి పని ముగించుకుంటారు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. కావడి మోసినవాడికి ఇది చెప్పనక్కరలేదు. తోక వైపు బరువు ఎక్కువైతే ముక్కు లేస్తుంది, వేగం చచ్చి విమానం పడిపోతుంది. కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలో మనం ఎంచుకోలేము. నన్ను ముందు వరసలోకి, పిల్లలను వెనక్కి పంపారు. పెద్దలను వెనక్కి పంపి పిల్లలను ముందు కూర్చోబెట్టే మన సంఘాల అలవాటుకు ఇది సరిగ్గా తలకిందులు.

ఎగరడం గురించి చెప్పడానికి నిజంగా ఎక్కువ లేదు. చెవులకు పెద్ద డిప్పలు పెట్టారు, గుండె జారింది, పాప కేరింత కొట్టింది, పన్నెండేళ్ళ మా అబ్బాయి కళ్ళు ఆ మీటర్ల మీద నుంచి కదలలేదు. కిందికి చూస్తే నాకు కనబడినవన్నీ రోడ్లే. ప్రతి ఇంటికీ రోడ్డు, ప్రతి పొలానికీ రోడ్డు, రోడ్డును దాటే రోడ్డు. రోడ్డు లేని ఊళ్ళ కోసం తయారుచేసిన విమానంలో కూర్చుని, రోడ్డు లేని ఊరు ఒక్కటీ లేని నేల మీద తిరుగుతున్నాం.

దిగిన తర్వాత ఆ పెద్దాయనను నేను అడిగింది ఒక్కటే: మీరు దిగే ఆ పచ్చికను ఎవరు చేస్తారు? ఆయన ముఖం వెలిగిపోయింది. అంత వరకు అందరూ ఆయనను అడిగినవి వేగం గురించీ, ప్రమాదాల గురించే. పాపువా న్యూ గినీలో 800కు పైగా భాషలున్నాయి. రాజధాని నుంచి కొండల మీది పట్టణాలకు పోవడానికి నేటికీ రోడ్డు లేదు. అక్కడ ఒక ఊరికి విమానం కావాలంటే ముందు ఊరే చోటు చూపాలి. మగవారూ ఆడవారూ పారలతో, కర్రలతో, బుట్టలతో కొండవాలును తవ్వి, రాళ్ళు ఏరి, మొద్దులు పెకిలించి, నీళ్ళు నిలవకుండా కాలువలు తీస్తారు. కొన్ని చోట్ల దీనికి ఏళ్ళు పడుతుంది. కొండవాలు కాబట్టి దిగేటప్పుడు ఎగువకు దిగుతారు, అప్పుడు విమానం త్వరగా ఆగుతుంది. లేచేటప్పుడు దిగువకు పరుగెడతారు, అప్పుడు త్వరగా వేగం వస్తుంది. గాలి ఎటు వీచినా దారి ఒక్కటే. ఒక హద్దు దాటి కిందికి వచ్చాక మళ్ళీ పైకి లేచిపోదామంటే ఎదురుగా కొండ ఉంటుంది. ఇంత చేసినా పని అయిపోదు. వారం వారం గడ్డి కోయాలి, పందులను తోలాలి, వాన పడిన ఉదయం ఒకరు రన్‌వే మీద నడిచి, నేల మెత్తబడిందా లేదా అని కాలితో తొక్కి చూసి, రేడియోలో చెప్పాలి. ఆ ఊరి మనిషి రావద్దంటే పైలట్ వెళ్ళడు. అంత లెక్కా, అంత యంత్రమూ చివరకు చెప్పులు లేని ఒక మనిషి మడమ కింద నేల ఎంత దిగిందన్న మాట మీద ఆగి ఉంటుంది.

మనం విమానం గురించి మాట్లాడేటప్పుడు ఎగిరినవాడి గురించే మాట్లాడతాం. ఆ రోజంతా నేను చూసిన పనిలో ముప్పావు వంతు నేల మీదే జరిగింది. విమానాలను నిలిపి బాగుచేసే షెడ్డు, అంటే హ్యాంగరులోకి పోతే గోడ నిండా పనిముట్లు వేలాడదీసి ఉన్నాయి. ఒక్కొక్క పనిముట్టు వెనుక దాని ఆకారాన్నే రంగుతో గీశారు. ఏదైనా తీస్తే దాని నీడ గోడ మీద మిగులుతుంది. సాయంత్రం ఒక్క నీడ ఖాళీగా ఉన్నా, ఆ పనిముట్టు దొరికే వరకు విమానం బయటికి పోదని అక్కడి మెకానిక్ చెప్పాడు, ఎందుకంటే అది ఇంజను లోపల మరిచిపోయి ఉండవచ్చు. ఆపరేషన్ థియేటరులో కుట్లు వేయక ముందు గాజుగుడ్డలు లెక్కపెట్టిన చేతులు నావి. నాకు ఇంకేమీ వివరించనక్కర లేకపోయింది. ఈ పైలట్లలో చాలామంది మెకానిక్‌లు కూడా. అడవి మధ్య ఇంజను ఆగితే పిలవడానికి ఎవరూ ఉండరు కాబట్టి రెండు చదువులూ చదువుతారు.

పిల్లలను బాగా ఆకట్టుకున్నది బకెట్టు ఆట. ఈక్వడార్ అడవుల్లో నేట్ సెయింట్ అనే పైలట్ కనిపెట్టిన ఉపాయం అది. విమానం నుంచి పొడవైన తాడుతో బకెట్టును వదిలి, విమానాన్ని ఒకే చోట గుండ్రంగా తిప్పుతూ ఉంటే, బకెట్టు ఆ గుండ్రం నడుమన, నేలకు దగ్గరగా, దాదాపు కదలకుండా నిలబడుతుంది. చేలల్లో పిట్టలను తోలే వడిసెల తిప్పినవారికి ఇది నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే వడిసెలలో రాయి బయటికే పోతుంది. ఇక్కడ తాడు చాలా పొడవు. దానికీ బకెట్టుకూ తగిలే గాలి వాటిని వెనక్కి లాగి లాగి నడుమకు చేరుస్తుంది. దిగడానికి చోటులేని ఊళ్ళకు ఆయన అలా మందులు దింపారు. 1955 చివరి నెలల్లో, బయటివారిని దగ్గరికి రానివ్వని వవొరానీ ప్రజలకు అలాగే కానుకలు దింపితే, వారు బదులుగా ఒక చిలుకను పైకి పంపారు. 1956 జనవరి 8న, వారి అడవిలోని ఒక నదీతీరపు ఇసుక మీద దిగిన నేట్ సెయింట్, ఆయన నలుగురు సహచరులు వారి బల్లేలకు బలయ్యారు.

ఈ కథను మనలో చాలామంది ఆదివారపు బడిలో విన్నాం. ఆ రోజు కూడా పిల్లలను కూర్చోబెట్టి ఇదే చెప్పారు, నదీతీరంతోనే ముగించారు. నర్సుగా నాకు దాని తర్వాతి భాగమూ తెలుసు. చనిపోయినవారిలో ఒకరి భార్య ఎలిజబెత్ ఎలియట్, నేట్ అక్క రేచెల్ 1958లో అదే ప్రజల మధ్యకు వెళ్ళి నివసించారు. అంత క్షమ నాలో ఉందని నేను చెప్పుకోలేను. కానీ చెదిరి బతికే ఆ జనం ఒకచోట చేరిన తర్వాత, 1969లో, వారిలోకి పోలియో వచ్చింది. కొందరు చనిపోయారు, కొందరికి కాళ్ళు పడిపోయాయి. బయటి మనిషి తనతో ఏమి మోసుకుపోతున్నాడో కాంటా మొత్తం చెప్పదు. దగ్గూ, తట్టూ, పోలియో ఏ కాంటాకూ ఎక్కవు. 2018లో అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి చట్టాన్ని కాదని పోయిన యువకుడి విషయంలో మన సంఘాల్లో కొందరు గొప్ప సాక్ష్యమన్నారు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. టీకా లేని జనం దగ్గరికి అనుమతి లేకుండా పోవడాన్ని నేను పరిచర్య అనలేను.

మధ్యాహ్నం చెట్టు కింద భోజనం దగ్గర, మమ్మల్ని తీసుకుపోయిన కుటుంబపు పెద్దాయన మంచి మనసుతో అడిగారు: మీ దగ్గరా అడవే కదా, మీ గూడేలకూ ఇలాంటి విమానం ఉంటే బాగుండదా, మేము నలుగురం కలిసి ప్రయత్నించమా? మా అబ్బాయి తినడం ఆపేసి నా వైపు చూశాడు. వాడి మనసులో అప్పటికే మా ఇంటి ముందు విమానం దిగింది. మా వారు జవాబు నాకే వదిలేశారు.

నేను చెప్పింది ఇది. మా గూడేల నుంచి పెద్దాసుపత్రి, అంటే వరంగల్ ఎంజీఎం, సుమారు వంద కిలోమీటర్లు. అందులో తొంభై అయిదు కిలోమీటర్లు తారు రోడ్డే, అంబులెన్స్ ఫోను చేస్తే వస్తుంది. మాకు ప్రాణం మీదికి తెచ్చేది మిగిలిన ఆ కొన్ని కిలోమీటర్లు. అందులోనూ నిజానికి ఒక వాగు వెడల్పు. ఎండాకాలం ఆ వాగులో పిల్లలు గోళీలు ఆడతారు. జూలైలో అదే వాగు ముందు అంబులెన్స్ అటు ఒడ్డున, నొప్పులు పడుతున్న మనిషి డోలీలో ఇటు ఒడ్డున ఆగిపోతారు. 2023 జూలైలో జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసింది. అదే రోజు మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. అటువంటి రోజున హెలికాప్టర్ కావలసిందే, వచ్చింది కూడా. జాతరప్పుడు మేడారానికీ హెలికాప్టర్ వస్తుంది, డబ్బు పెట్టగలిగినవారు ఎక్కుతారు. కానీ ఏడాదిలో మిగిలిన రోజుల్లో మాకు కావలసినది వాగు మీద వంతెన, అది వచ్చే దాకా ఒక మంచి పడవ, వాన పడక ముందే కదలాలన్న బుద్ధి.

నా మాటకు ఆ అన్నగారు నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. ఇంతలో కాంటా దగ్గరి ఆ పైలట్ గారు, పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ, ఈమె చెప్పింది నిజం, రోడ్డు పోగల చోటికి విమానం తేవడం డబ్బు పారబోయడమే, నేను నడిపిన లోయల్లో రోడ్డు వచ్చిన చోట మేమే సంతోషంగా తప్పుకున్నాం అన్నారు. అజరయ్య గారి ఎడ్లబండి గుర్తుంది కదా. బండి పోయినంత దూరం బండి, అది ఆగిన చోట కాళ్ళు, కాళ్ళు ఆగిన చోట మాత్రమే రెక్కలు. మా అబ్బాయి ఆ పూట నాతో మాట్లాడలేదు.

సాయంత్రం బయలుదేరబోతుంటే పైలట్ గారు మా నలుగురి బరువులు రాసిన ఆ కాగితాన్ని పాపకు ఇచ్చారు. విమానంలో మా ఊరికి తిరిగి వస్తూ దారంతా నేను ఆ కాగితాన్నే చూశాను. పేరు, బరువు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎక్కడ కూర్చోవాలి, పెట్రోలు ఎంత, వాతావరణం ఎలా, రావద్దంటే వెనక్కి ఎక్కడికి. ఇవన్నీ బయలుదేరక ముందే రాసుకునేవి. మేము మాత్రం పదిహేడేళ్ళుగా నొప్పులు మొదలయ్యాక పరుగెత్తుతున్నాం.

ఇప్పుడు మా ఇంట్లో అటువంటి పుస్తకం ఒకటి ఉంది. మా వారు గీతలు కొట్టి ఇచ్చారు. గూడెంలో నెలలు నిండుతున్న ప్రతి మనిషి పేరు, ఎన్నో కాన్పు, ఏ నెల, ఇంటికీ రోడ్డుకూ మధ్య ఏ వాగు ఉంది, రోడ్డు పక్క ఊళ్ళో ఎవరి ఇంట ఉండగలదు, డోలీకి ఎవరెవరు వస్తారు, అన్నీ ఆశా కార్యకర్తతో కూర్చుని రాసుకుంటాం. మనిషి బరువూ రాస్తాను. నలభై అయిదు కిలోల మనిషిని నలుగురు మోయగలరు. అరవై దాటితే బురదలో ఆరుగురు కావాలి, భుజం మార్చుకోవడానికి మరో ఇద్దరు. నన్ను కాంటా ఎక్కించేదాకా ఈ లెక్క నాకు తోచనే లేదు. వాగు ఎంత వరకు వచ్చిందో చెప్పే పని వాగు ఒడ్డున మేకలు కాచే ఒక తాతకు అప్పగించాం. ఆయన రావద్దంటే మేము దిగము. నీళ్ళు మోకాలు దాటకముందే, నొప్పులు రాకముందే, నెలలు నిండినవారిని ఇవతలికి తెచ్చి ఉంచుతున్నాం. అందరూ వింటారని కాదు. కిందటి వానలకు ఇద్దరు రామన్నారు. ఒకరి అత్త నన్ను ఇంటి గడప తొక్కనివ్వలేదు. ఆమెకు ఆమె భయాలున్నాయి, ఇంకా మాట్లాడుతున్నాను.

ఈ నెల పుస్తకంలో పదకొండు పేర్లున్నాయి. అందులో నాలుగు వాగు అవతలివి, ఆ నాలుగింటిలో ఒకటి కవలల కాన్పు అని స్కానింగులో తేలింది. నిన్న సాయంత్రం ఆ తాత ఫోను చేసి, పైన అడవిలో వాన పడుతున్నది, నీళ్ళ రంగు మారింది అన్నాడు. అందుకని కమిటీ అక్కలను అడిగి ముందే అనుమతి తీసుకున్నాను. భోజనాలకు ఉండలేను, మధ్యాహ్నం ఏటూరునాగారం బస్సుకు నేను పోవాలి. వందనాలు.